వయల్స్ లెక్క ఉంది, మోకాళ్ల లెక్క ఏదీ?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, మందుల కొనుగోలు, సరఫరా చూసే విభాగానికి, హైదరాబాద్‌లోని బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

హీమోఫిలియా అంటే రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండే జబ్బు. మోకాళ్ల లాంటి కీళ్లలో రక్తం దిగి అవి పాడవుతాయి. దాని వైద్యం ఎలా సాగుతోందని రేపు ఎవరైనా అడిగితే, మీ బల్ల మీదికి అందరికంటే ముందు వచ్చే కాగితం స్టాకు రిజిస్టరే. ఆ ప్రోటీన్‌కు బదులుగా ఎక్కించే మందు ఫ్యాక్టర్ 8 ఎన్ని యూనిట్లు వచ్చింది, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం అబద్ధం చెప్పదు. కాకపోతే మందు స్టోరు గడప దాటిందని మాత్రమే చెబుతుంది. దాటాక అది వేళకు నరంలోకి ఎక్కిందా, ఎక్కిన పిల్లాడు ఏడాది తిరిగేసరికి మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నాడా అన్నది అందులో దొరకదు. మేం అడుగుతున్నది ఆ రెండో లెక్క.

మేం రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే ల్యాబుల్లో, ఫిజియోథెరపీ గదుల్లో, ఫ్యాక్టర్ ఇచ్చే కౌంటర్ల దగ్గర పనిచేసేవాళ్లం. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. ఏది కొలవాలి, ఎలా కొలవాలి, కొలిచేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నవి మా చేతికి బాగా తెలిసిన సంగతులు కాబట్టి రాస్తున్నాం.

ముందు హారం సంగతి. శాతం చెప్పాలంటే కింద ఒక సంఖ్య ఉండాలి కదా. "మా దగ్గర నమోదైన వారిలో ఇంతమందికి వైద్యం అందుతోంది" అంటే వినడానికి బాగుంటుంది, నమోదు కానివాళ్లు మాత్రం ఆ వాక్యంలోంచి జారిపోతారు. ఆరు సంపన్న దేశాల రిజిస్ట్రీలను కలిపి 2019లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం ప్రతి లక్ష మంది మగవాళ్లలో హీమోఫిలియా ఏ (ఫ్యాక్టర్ 8 లోటు) ఉన్నవారు 17.1 మంది, బీ (ఫ్యాక్టర్ 9 లోటు) ఉన్నవారు 3.8 మంది. వీరిలో తీవ్రమైన (సివియర్) కేసులు వరుసగా 6.0, 1.1. తెలంగాణలో 2011 జనాభా లెక్కల ప్రకారం మగవారు 1.76 కోట్లు. గుణిస్తే మొత్తం సుమారు 3,680 మంది, అందులో సివియర్ కేసులు 1,250 దాకా తేలుతాయి. ఆ దేశాల్లో వీళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి మన సంఖ్య కొంత తగ్గొచ్చు. 2011 తర్వాత జనాభా పెరిగింది కాబట్టి కొంత పెరగొచ్చు కూడా. లెక్క మొదలుపెట్టడానికి ఇది చాలు.

అదే విశ్లేషణ ఇంకో రెండు పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. అన్ని కేసులూ దొరికిన రిజిస్టరులో సివియర్ వాళ్లు మూడో వంతు చుట్టుపక్కల ఉంటారు. మీ జాబితాలో 80 శాతం సివియర్ కేసులే ఉంటే, మన దగ్గర జబ్బు తీవ్రంగా వస్తోందని అర్థం కాదు. జబ్బు స్వల్పంగా ఉన్న మైల్డ్ వాళ్లను మనం ఇంకా పట్టుకోలేదని అర్థం. వాళ్లు పన్ను పీకించుకున్న మూడో రోజుకీ రక్తం ఆగనప్పుడో, హెర్నియా ఆపరేషన్ బల్ల మీదో బయటపడతారు. రెండో పరీక్ష ఏ, బీల నిష్పత్తి. అది నాలుగున్నరకు ఒకటి దగ్గర ఉండాలి. పదికి ఒకటి ఉంటే ఎక్కడో ఫ్యాక్టర్ 9 పరీక్ష జరగడం లేదు, లేదా కిట్ లేక "హీమోఫిలియా" అని మాత్రం రాసి పంపేస్తున్నారు.

ఒకే మనిషి రెండు ఆసుపత్రుల్లో రెండు పేర్లతో ఉండటం ఇంకో చిక్కు. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక. ఒక చోట పుట్టిన తేదీ, ఇంకో చోట "వయసు 9". 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియాను చేర్చారు కాబట్టి కొందరికి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఉంది, అందరికీ లేదు. అందుకే రాష్ట్రమంతటికీ ఒకే హీమోఫిలియా నంబరు ఇచ్చి, ఆ నంబరునే ఓపీ చీటీ, ల్యాబు రిపోర్టు, ఫ్యాక్టర్ ఇండెంట్ (మందు కోసం స్టోరుకు రాసే చీటీ) మూడింటి మీదా రాయించండి. ఖర్చు పెద్దగా లేని పనుల్లో ఇదే మొదటిది.

ఇక రోగ నిర్ధారణ. ఇక్కడ నాణ్యత రక్తం తీసే నీలం మూత ట్యూబు దగ్గర మొదలవుతుంది. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సోడియం సిట్రేట్ 0.3 మిల్లీలీటర్లు ముందే ఉంటుంది. రక్తం సరిగ్గా 2.7 మిల్లీలీటర్లు, గీత దాకా పడాలి. పిల్లాడు ఏడుస్తున్నాడని, నరం దొరకలేదని సగం నింపి పంపితే సిట్రేట్ పాళ్లు ఎక్కువై, పరీక్షలో కలిపే క్యాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) సాగిపోయి, ఏ జబ్బూ లేని పిల్లాడికి జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికంటే ఎక్కువ నష్టం మంచి ఉద్దేశంతో చేసే పొరపాటుతో జరుగుతుంది. జిల్లా నుంచి వచ్చే శాంపిల్‌ను జాగ్రత్తగా ఐస్ డబ్బాలో పెట్టి పంపుతారు. వేరు చేయని రక్తాన్ని అలా చల్లబరిస్తే ఫ్యాక్టర్ 8, గడ్డకట్టడానికి తోడ్పడే ఇంకో ప్రోటీన్ వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ రెండూ పడిపోతాయి. లేని హీమోఫిలియా పుట్టుకొస్తుంది, మైల్డ్ కాస్తా మోడరేట్ అవుతుంది. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి నాలుగు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పరీక్ష చేయాలి. అది కుదరకపోతే అక్కడే ప్లాస్మా వేరు చేసి మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాలి. తీసేటప్పుడు 37 డిగ్రీల నీటి బాత్‌లో త్వరగా కరిగించాలి. ఫ్రిజ్‌లో మెల్లగా కరగనిస్తే ఫ్యాక్టర్ 8 అడుగున తెల్లని తెట్టుగా దిగిపోతుంది. బ్లడ్ బ్యాంకులో క్రయో (ఫ్యాక్టర్ 8 ఎక్కువగా ఉండే ప్లాస్మా భాగం) తయారుచేసే పద్ధతి అదే కదా.

కాబట్టి ల్యాబు నుంచి మేం అడిగే మొదటి సంఖ్య: నెలలో వచ్చిన సిట్రేట్ ట్యూబుల్లో తక్కువ నిండినవి, గడ్డ కట్టినవి, ఐస్ మీద వచ్చినవి అని తిప్పి పంపినవి ఎన్ని. ఆ గడిలో ప్రతి నెలా సున్నా వస్తుంటే సంతోషించకండి, ఎవరూ చూడటం లేదని అనుమానించండి. రెండోది: వేలూరు సీఎంసీ నడిపే బయటి నాణ్యతా పరీక్షల్లో ఆ ల్యాబు పాల్గొంటోందా, గత రెండు విడతల్లో ఫ్యాక్టర్ 8, 9 ఫలితాలు పరిధిలో వచ్చాయా. ఇంకో మాట. ఏపీటీటీ మామూలుగా ఉందని హీమోఫిలియా లేదని తేల్చేయకూడదు. ఫ్యాక్టర్ 30 శాతం దగ్గర ఉన్న మైల్డ్ మనిషిలో ఆ పరీక్ష మామూలుగానే రావచ్చు. ఇంటి చరిత్ర ఉంటే ఫ్యాక్టర్ స్థాయే చూడాలి.

మాకు మూడే సంఖ్యలు ఇస్తామంటే, అందులో మొదటిది సూది పడటానికి పట్టిన సమయం. కీలులో రక్తం దిగడం మొదలైతే రోగికి వాపు కంటే ముందే తెలుస్తుంది. చిమచిమలాడుతుంది, లోపల గుంజుతుంది, బిగుసుకుంటుంది. వీలైతే రెండు గంటల్లోపు ఫ్యాక్టర్ పడాలన్నది ప్రపంచ హీమోఫిలియా సమాఖ్య మార్గదర్శకాల మాట. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అంటే ఇంట్లో వయల్, ఇంట్లో సూది వేసుకునే శిక్షణ లేకపోతే ఆ రెండు గంటలు బస్సులోనే అయిపోతాయి. అయినా ఆసుపత్రి గేటు లోపలి సమయం మన చేతిలోనిదే. దాన్ని నాలుగు ముక్కలుగా రాయించండి: లక్షణం మొదలైన వేళ, ఓపీ చీటీ లేదా క్యాజువాలిటీ చీటీ పడిన వేళ, ఇండెంట్ రాసిన వేళ, మందు నరంలోకి వెళ్లిన వేళ. మొత్తం నాలుగు గంటలు అని ఒకే అంకె రాస్తే ఎవరినీ ఏమీ అడగలేం. ముక్కలుగా ఉంటే మొదటి రెండింటి మధ్య ఆలస్యం దారిది, రెండు మూడింటి మధ్యది డ్యూటీ డాక్టర్‌ది, మూడు నాలుగింటి మధ్యది స్టోరు తాళం చెవిది అని తేలుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వయల్ గది వేడికి రావడానికి, ఊపకుండా మెల్లగా తిప్పుతూ కరిగించడానికి కొన్ని నిమిషాలు ఎలాగూ పడుతుంది. ఆ పైన గంట పట్టిందంటే మనిషి తాళం కోసం తిరుగుతున్నాడనే లెక్క.

ఈ రిజిస్టరు నిజమైనదో కాదో కనిపెట్టడానికి ఒక చిట్కా. సూది వేసిన వేళల్లో చివరి అంకెలు చూడండి. 10:00, 10:30, 11:00 అని వరుసగా ఉంటే ఆ పేజీని డ్యూటీ దిగే ముందు ఒకేసారి నింపారు. 10:07, 10:52 అని ఉంటే గడియారం చూసి రాశారు. సగటు కూడా తీయొద్దు. వేళలను వరుసలో పెట్టి నడిమధ్యన ఉన్న రోగి ఎంతసేపు ఆగాడు, పదిమందిలో తొమ్మిదోవాడు ఎంతసేపు ఆగాడు, ఈ రెండూ చెబితే చాలు. పగలు పది గంటలకు వచ్చినవాడిదీ రాత్రి రెండింటికి వచ్చినవాడిదీ వేర్వేరుగా తీయండి. అసలు తేడా అక్కడ బయటపడుతుంది.

తలకు దెబ్బ తగిలిన కేసులకు గడి వేరుగా ఉండాలి. అక్కడ నియమం ఒక్కటే: ముందు ఫ్యాక్టర్, తర్వాత స్కాన్. మెదడులో రక్తస్రావం అనుమానం ఉంటే ఫ్యాక్టర్ స్థాయిని 80 నుంచి 100 శాతానికి లేపాలి. 60 కిలోల మనిషికి ఫ్యాక్టర్ 8 లెక్క: 60 × 100 × 0.5, అంటే 3,000 యూనిట్లు ఒక్క దెబ్బకే. కిలోకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ 8 సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి ఆ అరతో గుణింపు. ఫ్యాక్టర్ 9 అయితే సుమారు 1 శాతమే, అర ఉండదు, రెట్టింపు కావాలి. రాత్రిపూట క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో ఈ 3,000 యూనిట్లు చేతికందేలా ఉన్నాయా అన్నదే ప్రశ్న. మెయిన్ స్టోరులో లక్ష యూనిట్లు ఉన్నా స్టోరు పొద్దున తొమ్మిదికి తెరుస్తామంటే ఆ రాత్రికి స్టాకు సున్నా. స్కాన్‌కంటే ముందు ఫ్యాక్టర్ పడినవారి శాతం నూటికి నూరు ఉండాలి. తక్కువ వచ్చిన ప్రతి కేసునూ కూర్చుని చదవాలి.

స్టాకు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాం. ఏ దేశంలోనైనా హీమోఫిలియా ఉన్నవాళ్లు బతికి బట్టకట్టాలంటే జనాభాలో తలకు కనీసం ఒక యూనిట్ ఫ్యాక్టర్ 8 వాడుక ఉండాలని ప్రపంచ సమాఖ్య ఒక కొలబద్ద పెట్టింది. 2011 లెక్కల ప్రకారం మన మూడున్నర కోట్ల జనాభాకు అది మూడున్నర కోట్ల యూనిట్లు. ఏడాది వాడుకను దానితో పోల్చి చూడండి, ఉపయోగమే. అయితే ఏడాది మొత్తం చక్కగా కనిపించి, జనవరి నుంచి మార్చి దాకా అలమారాలు ఖాళీగా ఉండొచ్చు. అందుకని స్టాకు లేని రోజులు లెక్కపెట్టాలి. ఆసుపత్రివారీగా లెక్కపెట్టాలి, వయల్ సైజువారీగా కూడా. సైజు ఎందుకో చూడండి. 20 కిలోల పిల్లాడికి వారానికి రెండుసార్లు, కిలోకు 10 యూనిట్ల చొప్పున తక్కువ మోతాదు ముందస్తు చికిత్స (రక్తస్రావం రాకముందే క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇవ్వడం) రాశారనుకుందాం. డోసు 200 యూనిట్లు. 250 వయల్ ఉంటే ఒకటి పూర్తిగా ఎక్కిస్తారు. ఏడాదికి 104 డోసులు, 26,000 యూనిట్లు. 250 అయిపోయి 500 వయల్సే మిగిలితే అదే పిల్లాడికి 52,000. సగం పారబోసినా, పూర్తిగా ఎక్కించినా లెక్కలో రెట్టింపే. స్టాకు రిజిస్టరు దాన్ని "వాడుక పెరిగింది, సేవలు విస్తరించాయి" అని చూపిస్తుంది. నిజానికి జరిగింది టెండరులో 250 సైజు మరిచిపోవడం.

ముందస్తు చికిత్స విలువ గురించి ఇప్పుడు కొత్తగా వాదించాల్సిన పని లేదు. 2007లో అమెరికాలో 65 మంది చిన్నపిల్లల మీద వెలువడిన అధ్యయనంలో, ఆరేళ్ల వయసుకు ఎంఆర్ఐలో కీళ్లు బాగున్నవారు క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ తీసుకున్న వర్గంలో 93 శాతం, రక్తస్రావం అయినప్పుడే తీసుకున్న వర్గంలో 55 శాతం. కొలతల విషయంలో మాకు ఇంకా ముఖ్యంగా అనిపించే సంగతి అదే అధ్యయనంలో ఉంది. పైకి కనిపించిన కీలు రక్తస్రావాల సంఖ్యకూ ఎంఆర్ఐలో కనిపించిన నష్టానికీ పొంతన చాలా తక్కువ. అంటే ఎవరికీ తెలియకుండా లోపల కారి కీలును తినేసే రక్తం ఉంది. రక్తస్రావాలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటే అది దొరకదు.

అయినా లెక్కపెట్టాలి, సరిగా లెక్కపెట్టాలి. ఏడాదికి ఎన్ని రక్తస్రావాలు అన్నదాన్ని ఏబీఆర్ అంటున్నాం. దాన్ని చెడగొట్టడం చాలా సులువు. ఒక పిల్లాడి డైరీ 90 రోజులదే ఉంది, అందులో మూడు బ్లీడ్లు ఉన్నాయి. రోజులతో భాగించి 365తో గుణిస్తే ఏబీఆర్ 12.2. డైరీ ఎన్నాళ్లదో చూడకుండా "ఈ ఏడాది మూడు" అని రాసేస్తే 3. ఒకే పిల్లాడు, నాలుగు రెట్ల తేడా. ఇంకోటి, అదే చోట మళ్లీ వాచితే కొత్త బ్లీడా, పాతదేనా? మొదటి దానికి చికిత్స ఆపిన 72 గంటల తర్వాత మొదలైతేనే కొత్తది. ఈ నియమం కౌంటరు దగ్గర గోడకు అంటించకపోతే ఒక సిస్టర్ ఒకటి రాస్తారు, ఇంకో సిస్టర్ మూడు రాస్తారు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఖాళీ గడిని సున్నా అనుకోవడం. డైరీ తేని పిల్లాడికి బ్లీడ్లు లేవని కంప్యూటరు అనుకుంటుంది. అప్పుడు ఎవరు తక్కువ పట్టించుకుంటే వాళ్ల ఆసుపత్రే అందరికంటే మంచిదని తేలుతుంది! కాబట్టి ఏబీఆర్ ప్రకటించే ప్రతిచోటా దాని పక్కనే ఇంకో అంకె తప్పనిసరి చేయండి: ఎంతమంది డైరీలు, ఎన్ని రోజులవి చేతికి వచ్చాయి. సగం మందివీ రాకపోతే ఏబీఆర్ ప్రకటించనే వద్దు. అది కాకి లెక్క. సగటు కాకుండా మధ్యస్థం తీయండి. నెలకు నాలుగుసార్లు బ్లీడయ్యే ఒక్క మనిషి చిన్న కేంద్రం సగటును ఎటైనా లాగేస్తాడు. దెబ్బ తగిలి వచ్చినవీ వాటంతట అవే వచ్చినవీ వేరుచేయండి. ముందస్తు చికిత్స కుదురుకున్నాక గల్లీ క్రికెట్‌కి వెళ్లడం మొదలుపెట్టిన పిల్లాడికి దెబ్బల బ్లీడ్లు కొంచెం పెరిగితే కంగారు పడనక్కర్లేదు. ఒకే కీలులో ఆరు నెలల్లో వాటంతట అవే మూడు, ఆపైన వస్తే దాన్ని టార్గెట్ జాయింట్ అంటాం. ఆ జాబితా పేర్లతో సహా ప్రతి నెలా ఫిజియోథెరపీ గదికి చేరాలి.

మాకు రెండో సంఖ్య ఆ గదిలోదే. హీమోఫిలియా కీళ్ల స్కోరు, అందరూ హెచ్‌జేహెచ్‌ఎస్ అంటారు. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు చీలమండలు, ఒక్కో కీలుకు 20 మార్కులు, నడకకు 4, మొత్తం 124. ఎక్కువ వస్తే చెడు. వాపు, వాపు ఎన్నాళ్లది, కండ తగ్గుదల, కదిలిస్తే కరకర, వంచడంలో లోటు, చాపడంలో లోటు, నొప్పి, బలం, ఇవి ఎనిమిది అంశాలు. మిషను ఏదీ అక్కర్లేదు. కీలు కోణం కొలిచే ఒక గోనియోమీటర్, ఒక బల్ల, ముప్పావు గంట నుంచి గంట సమయం. దొరకనిది ఆ గంటే.

మోచెయ్యి ఎలా కొలుస్తారో చూడండి. పిల్లాడిని వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతి బయటి వైపు పొడుచుకొచ్చిన ఎముక మీద గోనియోమీటర్ ఇరుసు పెడతారు. ఒక పుల్ల భుజం కొన వైపు, రెండోది మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక దిక్కుగా ఉండాలి. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపమంటారు. నొప్పి ఉన్న పిల్లాడు మోచెయ్యి చాపలేక భుజాన్ని ముందుకు తోసి చాపినట్టు చూపిస్తాడు. భుజాన్ని రెండో చేత్తో అదిమిపట్టకపోతే పది డిగ్రీల లోటు కళ్ల ముందే మాయమవుతుంది. లోటు 5 డిగ్రీల కంటే తక్కువైతే 0, 5 నుంచి 10 అయితే 1, 11 నుంచి 20 అయితే 2, అంతకు మించితే 3. ఇరుసు అర అంగుళం జరిగితే 4 డిగ్రీలు 6 అవుతుంది, మార్కు మారిపోతుంది. అందుకే ఒకే పిల్లాడిని వీలైనంతవరకు ఒకే ఫిజియోథెరపిస్టు కొలవాలి. ఇద్దరు ఉంటే ఏడాదికోసారి ఇద్దరూ అదే అయిదుగురిని విడివిడిగా కొలిచి పోల్చుకోవాలి. రెండో చేతితో పోల్చి లోటు రాసే పద్ధతి ఉంది గానీ, రెండు మోచేతులూ దెబ్బతిన్నవాడిలో అది రెండూ బాగున్నాయని చెబుతుంది. అక్కడ వయసువారీ పట్టిక చూడాలి. బ్లీడయిన వారంలో అసలు కొలవకూడదు, వాపు తీసి రెండు మూడు వారాలు ఆగాలి.

అల్ట్రాసౌండ్ ఉన్నచోట హెడ్-యూఎస్ పద్ధతిలో అవే ఆరు కీళ్లను చూసి, కీలు లోపలి పొర, మృదులాస్థి, ఎముక మూడింటికీ కలిపి కీలుకు 8 చొప్పున 48కి స్కోరు వేయొచ్చు. మంచిదే. కానీ దానికోసం ఆగి గోనియోమీటర్‌ను సొరుగులో పెట్టేయొద్దు. మీరు నెలనెలా చూడాల్సినది స్కోరు ఎంత అన్నది కూడా కాదు. గత పన్నెండు నెలల్లో ఒక్కసారైనా ఆరు కీళ్లూ కొలిపించుకున్నవారు నమోదైనవారిలో ఎంత శాతం అన్నది. స్కోరు ఆ తర్వాతి మాట.

మూడో సంఖ్య ఇన్హిబిటర్ పరీక్ష. సివియర్ హీమోఫిలియా ఏలో సుమారు 30 శాతం మందికి ఎక్కించిన ఫ్యాక్టర్ మీదే ఒళ్లు తిరగబడి, దాన్ని నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు పుడతాయి, వాటినే ఇన్హిబిటర్ అంటాం. మొదటి 50 ఎక్స్‌పోజర్ రోజుల్లో ఆ ముప్పు ఎక్కువ. ఎక్స్‌పోజర్ రోజు అంటే ఫ్యాక్టర్ ఎక్కిన రోజు, ఎన్ని వయల్స్ అయినా రోజుకు ఒకటే. ఈ లెక్క ఎక్కడా నిలవదు, ఎందుకంటే ప్రతి ఆసుపత్రీ తన దగ్గరకు వచ్చిన మొదటి రోజునే ఒకటి అని రాస్తుంది. పైన అడిగిన ఒకే నంబరు ఇక్కడే అక్కరకొస్తుంది. పరీక్ష బెథెస్డా యూనిట్లలో వస్తుంది. 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాక ఫ్యాక్టర్ 8లో సగాన్ని చంపే శక్తి ఒక యూనిట్. 5 దాటితే మామూలు ఫ్యాక్టర్ ఎంత పోసినా పని చేయదు. దానికి వేరే మందులు కావాలి. పరీక్ష చేయించకుండా డోసు మీద డోసు ఇస్తూపోతే యూనిట్ల వాడుక పెరుగుతుంది, స్టాకు రిజిస్టరు మళ్లీ అభివృద్ధి అంటుంది, రక్తం మాత్రం ఆగదు. కొలవాల్సింది గత ఏడాదిలో పరీక్ష జరిగినవారి శాతం, డోసు ఇచ్చినా ఆగని ప్రతి బ్లీడుకూ పరీక్ష పంపారా లేదా అన్నది.

ఎమిసిజుమాబ్ వచ్చాక ఈ అవసరం ఇంకా ముదిరింది. అది ఫ్యాక్టర్ 8 చేసే పనిని దానికి బదులుగా చేసే, చర్మం కింద ఇచ్చే మందు. మొదటి నాలుగు వారాలు వారానికోసారి కిలోకు 3 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి 1.5, లేదా రెండు వారాలకు 3, లేదా నాలుగు వారాలకు 6. లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది కాబట్టి యూనిట్ల రిజిస్టరులో ఈ రోగి మాయమైపోతాడు. దీని మీద ఉన్నవారి ఏపీటీటీ నార్మల్‌గా కనిపిస్తుంది. మామూలు ఒన్-స్టేజ్ పద్ధతిలో ఫ్యాక్టర్ 8 కొలిస్తే లేనిది ఉన్నట్టు వస్తుంది. ఆవు ప్రోటీన్ల రీఏజెంట్‌తో, రంగు మార్పును బట్టి కొలిచే క్రోమోజెనిక్ పద్ధతి కావాలి. ఇన్హిబిటర్ ఉండి ఈ మందు మీద ఉన్నవారికి ఏపీసీసీని (ఇన్హిబిటర్ ఉన్నప్పుడు రక్తం ఆపడానికి ఇచ్చే వేరే మందు) పెద్ద మోతాదుల్లో వరుసగా ఇస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కు ఇది తెలియాలంటే రోగి జేబులో కార్డు, కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర స్టిక్కరు ఉండాలి. కార్డు ఉన్నవారి శాతం కూడా ఒక నాణ్యతా కొలతే.

ఈ అంకెలతో చేయకూడని పని ఒకటుంది. ఆసుపత్రులకు ర్యాంకులు వేయొద్దు. పెద్దాసుపత్రికి ఇన్హిబిటర్ ఉన్న, కీళ్లు అరిగిన కేసులు వస్తాయి, దాని ఏబీఆర్ ఎక్కువే ఉంటుంది. ఆరుగురు రోగులున్న జిల్లా కేంద్రంలో ఒక్క పిల్లాడు మెట్ల మీద పడితే శాతం తలకిందులవుతుంది. అలాంటి చోట్ల మూడేళ్ల లెక్క కలిపి చూడాలి. ర్యాంకులు వేసిన మరునాటి నుంచి బ్లీడ్లు రాయడం మానేస్తారు. మానేశారని మీకు తెలియను కూడా తెలియదు. ప్రతి కేంద్రాన్నీ దాని గత ఏడాదితో పోల్చండి చాలు.

మేం కోరేది ఇది. వచ్చే త్రైమాసికంలో హైదరాబాద్‌లోని బోధనాసుపత్రుల్లో ముందు మొదలుపెట్టండి. ఒక్కో కేంద్రానికి సగం రోజు పని చేసే ఒక డేటా నర్సు, రెండు గోనియోమీటర్లు, క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో తాళం అక్కర్లేని 3,000 యూనిట్ల ఎమర్జెన్సీ పెట్టె, దాని మీద రోజుకు రెండుసార్లు 2 నుంచి 8 డిగ్రీల ఉష్ణోగ్రత రాసే చార్టు. టెండరులో 250, 500, 1000 మూడు సైజులూ, ఫ్యాక్టర్ 9 కూడా. ఇంటికి ఇచ్చిన వయల్స్‌కు ఖాళీ వయల్ తిరిగి తెచ్చి, బ్యాచ్ నంబరు స్టిక్కరు డైరీలో అంటిస్తేనే తర్వాతి విడత అన్న పద్ధతి. రాసిచ్చిన డోసుల్లో నిజంగా ఎక్కినవి ఎన్నో దానితోనే తేలుతుంది. 104లో 78 ఎక్కితే 75 శాతం. ఈ నియమంలో ఒక మినహాయింపు రాసిపెట్టండి: డైరీ మరిచిపోయి వచ్చినవాడిని, ముఖ్యంగా బ్లీడుతో వచ్చినవాడిని, ఖాళీ చేతులతో పంపకూడదు.

రెండు పేజీల నమూనా ఫారం మా దగ్గర సిద్ధంగా ఉంది. మొదటి పేజీ కౌంటరుకు, రెండోది ఫిజియోథెరపీ గదికి. ప్రతి గడిలోనూ "సున్నా", "తెలియదు", "కొలవలేదు" అని మూడు వేర్వేరు టిక్కులు పెట్టాం. మీ ఐటీ విభాగం దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆ మూడింటినీ కలిపి ఒకటి చేయకుండా చూడమని మనవి.

ఇట్లు,
హైదరాబాద్‌లో హీమోఫిలియా సేవల్లో పనిచేస్తున్న ల్యాబు, ఫిజియోథెరపీ, ఫార్మసీ, నర్సింగ్ సిబ్బందిలో కొందరం